పని జట్టుది, పగ్గం ఎవరిది?

ఈ స్మారకోపన్యాసం మాస్టారి పేరున జరుగుతోంది. మాస్టారు పారిశ్రామిక సంబంధాలు బోధించేవారు. నిర్వహణ మీద ఎంత పేరున్న పుస్తకం తెచ్చి ముందు పెట్టినా, "ఇందులో పనివాడు ఎన్నో పేజీలో కనబడతాడయ్యా?" అని అడిగేవారు. విసురుగా అనేవారు గానీ, ఆ ప్రశ్నతో చదివితే కొన్ని ప్రసిద్ధ పరిశోధనలు వేరేగా కనిపిస్తాయి. ఈ సాయంత్రం అలాంటి ఒకటి రెండు చూద్దాం.

ఇన్నోవేషన్, అంటే నవకల్పన, అనగానే మనకు యంత్రమో మందో, ఈమధ్య అయితే ఫోన్లో యాపో గుర్తొస్తుంది. ఆర్థికవేత్త షుంపీటర్ మాత్రం తన జాబితాలో కొత్త సరుకు, కొత్త ఉత్పత్తి పద్ధతి, కొత్త మార్కెట్, కొత్త ముడిసరుకు వనరుల పక్కనే పరిశ్రమను కొత్తగా వ్యవస్థీకరించడాన్నీ చేర్చాడు. చాలాకాలం ఆ చివరిదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నవకల్పనల్ని లెక్కగట్టడానికి చాలా దేశాలు అనుసరించే ఓస్లో మాన్యువల్ కూడా సంస్థాగత నవకల్పనకు విడిగా ఒక గడి కేటాయించింది 2005 నాటి మూడో కూర్పులోనే. 2018లో ఆ గడిని తీసేసి వ్యాపార ప్రక్రియల పద్దులో కలిపేసింది. గణాంకాల వాళ్ళకు ఇది చిక్కు సరుకే. యంత్రానికి పేటెంటు ఉంటుంది, తేదీ ఉంటుంది. పదిమంది పని పంచుకునే తీరుకు ఆ రెండూ ఉండవు. దాన్ని ఎవరు కనిపెట్టారన్నది కాగితం మీద పెట్టినవాడు చెప్పిందే.

అహ్మదాబాద్‌కు వెళ్దాం. 1953. సారాభాయ్ కుటుంబానికి చెందిన కాలికో మిల్లు. గౌతం సారాభాయ్ సంస్థ అధిపతి. అంతకు కొద్దికాలం ముందే అక్కడి ఒక షెడ్డులో ఆటోమేటిక్ మగ్గాలు దించారు. ఇంజనీర్లు శాస్త్రీయంగా కొలతలు తీసి, ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టి, ఎవరు ఎన్ని మగ్గాలు చూడాలో నిర్ణయించారు. లెక్కలన్నీ సరిగానే ఉన్నాయి. గుడ్డ మాత్రం అనుకున్నంత దిగలేదు, దిగినదాంట్లో లోపాలు ఎక్కువ. అప్పుడు లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ సలహాదారుగా వచ్చాడు.

ఆ షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది పనివాళ్ళు, 12 రకాల పనులు. నేసేవాడు ఒకడు, బాబిన్లు నింపేవాడు ఒకడు, పడుగు పెద్దఎత్తున తెగితే అతికేవాడు ఒకడు, కొత్త దూలం ఎక్కించేవాడు మరొకడు. మగ్గాలు సరిచేసే జాబర్లు, వాళ్ళ సహాయకులు, నూనె వేసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, గుడ్డ మోసేవాళ్ళు, గాలిలో తేమ చూసేవాడు వీళ్ళకు అదనం. చిక్కంతా ఎక్కడుందంటే, నేతగాడికి అప్పగించిన మగ్గాల లెక్క ఒకటి, బాబిన్లు నింపేవాడిది ఇంకొకటి, జాబరుది మరొకటి. దాంతో ఒక నేతగాడు ఏ మగ్గం ఆగిపోయినా వేరువేరు మనుషుల కోసం చూడాలి. ఆ మనుషులకు అదే సమయంలో ఇంకో ముగ్గురు నేతగాళ్ళు పిలుపులు పెడుతుంటారు. ఎవరికి వారు తమ పని సక్రమంగానే చేస్తున్నారు. కలిపి చూస్తే ఏదీ సక్రమంగా లేదు. ఆ షెడ్డులో ఇంతమంది ఉన్నా, 'మేము' అని చెప్పుకోవడానికి ఎవరికీ ఆధారం లేదు.

రైస్ చెప్పింది చిన్న మాట: కొన్ని మగ్గాలకు కొందరు మనుషులు. ఒక జట్టుకు కొన్ని మగ్గాలు అప్పజెప్పి, లోపల పని ఎలా పంచుకుంటారో వాళ్ళకే వదిలేద్దాం అన్నాడు. ఆ తర్వాత జరిగింది రైస్ తానే రాసుకున్నాడు, పాఠ్యపుస్తకాలే దాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. సూపర్‌వైజర్లూ పనివాళ్ళూ ఆ మాట విన్న వెంటనే దాన్ని లాక్కున్నంత పని చేశారు. ఎవరు ఏ జట్టులో ఉండాలో మర్నాటికల్లా వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని వచ్చారు. సలహాదారు ప్రణాళిక గీసే లోపే పని మొదలైంది. కుదురుకున్నాక సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95కు పెరిగింది. లోపాలున్న గుడ్డ 32 శాతం దగ్గరనుంచి 20కి తగ్గింది.

1958లో రైస్ పుస్తకం వచ్చాక ఇది అహ్మదాబాద్ ప్రయోగంగా లోకప్రసిద్ధమైంది. ప్రయోగం అన్నాక ప్రయోగించేవాడు ఒకడుండాలి కదా! రాత్రికి రాత్రి జట్లు కట్టుకున్న 29 మంది ఆ ప్రయోగానికి వస్తువులైపోయారు. రైస్ నిజాయితీగా ఉన్నదున్నట్టు రాశాడు, ఆయన్ని తప్పుపట్టను. ఈ శాస్త్రం తన వంశవృక్షం రాసుకున్న తీరే అలాంటిది. టావిస్టాక్ పేరు నిలబెట్టిన అంతకుముందరి పరిశోధనలోనూ ఇదే కథ. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బాంఫోర్త్ కలిసి ఇంగ్లండ్ బొగ్గుగనుల మీద వ్యాసం రాశారు. యంత్రాలతో పొడవాటి బొగ్గు గోడను కోసే లాంగ్‌వాల్ పద్ధతి వచ్చాక (సింగరేణి ప్రాంతం వాళ్ళకు ఆ మాట కొత్తేమీ కాదు) గనిలోని చిన్న జట్లు ఎలా చెదిరిపోయాయో, దాంతో గైర్హాజరీ, మనస్పర్థలు ఎలా పెరిగాయో వివరించారు. బాంఫోర్త్ స్వయంగా ఏళ్ళ తరబడి గనిలో దిగినవాడు, తాను పనిచేసిన చోటికే పరిశోధకుడిగా వెళ్ళాడు. అక్కడ యంత్రాలున్నా జట్టుపని కాపాడుకునే కొత్త పద్ధతిని గనికార్మికులు, స్థానిక అధికారులు తమంతట తామే అప్పటికే రూపొందించుకుని ఉన్నారు. పండితులు దాన్ని చూశారు, పేరు పెట్టారు. సోషియో-టెక్నికల్ వ్యవస్థ అన్న ఆ పేరే నిలిచింది.

మళ్ళీ అహ్మదాబాద్. జట్టులో ఎవరుండాలో పనివాళ్ళే తేల్చుకున్నారన్నది వినడానికి ఎంతో ప్రజాస్వామికంగా ఉంది. అహ్మదాబాద్ మిల్లుల చరిత్ర తెలిసినవాళ్ళు మాత్రం ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. అక్కడ వడుకు విభాగంలో దళితులు, నేత విభాగంలో సవర్ణ హిందువులు, ముస్లింలు ఉండటం దశాబ్దాల రివాజు. పాత మగ్గాల మీద నాడెలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాల్సి వచ్చేది. ఎంగిలి అంటుతుందన్న వంకతో దళితుల్ని నేత షెడ్డుల్లోకి రానివ్వలేదు. ఆటోమేటిక్ మగ్గం వచ్చి ఆ వంకను బలహీనపరచిందేమో గానీ, షెడ్డు నిండా అప్పటికే ఉన్న మనుషులు మారలేదు. అలాంటి చోట 'మీకు నచ్చినవాళ్ళతో జట్టు కట్టండి' అంటే ఆ స్వేచ్ఛ ఎవరికి దక్కుతుంది? సామర్థ్యం, లోపాలు అనే రెండు గళ్ళున్న పట్టికలో ఈ ప్రశ్నకు చోటు లేదు. స్వయంపాలిత జట్ల మీద ఆనాటినుంచీ వచ్చిన సాహిత్యం గుట్టలుగా ఉంది. కులం అనే మాట అందులో ఎన్నిసార్లు వస్తుందో మన విద్యార్థులు ఒకసారి వెతికితే మంచిది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ పనివాళ్ళు వ్యవస్థీకరణ అంటే తెలియకుండా రైస్ కోసం ఎదురుచూస్తున్న మనుషులు కారు. 1918లో ఇదే నగరంలో మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయ. యాజమాన్యం 20 శాతం పెంపు ఇస్తామంది, గాంధీ సలహా మీద కార్మికులు 35 శాతానికి పట్టుబట్టారు. రెండేళ్ళకు, 1920లో, మజూర్ మహాజన్ సంఘం పుట్టింది. వృత్తుల వారీగా యూనియన్లు, రాజీకి మధ్యవర్తిత్వం, ప్రతినిధుల సభలు అప్పటికి మన దేశంలో కొత్త. ఇది సంస్థాగత నవకల్పన కాదా? షుంపీటర్ జాబితా ప్రకారం చూస్తే కాకుండా పోదు. నిర్వహణశాస్త్రంలో అహ్మదాబాద్ అనగానే 1953 గుర్తుకొస్తుంది, 1920 రాదు. యజమాని ఖర్చుపెట్టి తెప్పించుకున్న కొత్తదనం నవకల్పన శీర్షిక కిందికి, కార్మికులు తెచ్చిపెట్టుకున్నది సంబంధాల సమస్య శీర్షిక కిందికి వెళ్తాయి. మన కాలేజీల్లో సిలబస్ కూడా అలాగే రెండు పేపర్లుగా చీలి ఉంటుంది.

1970లో టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ అహ్మదాబాద్ వెళ్ళి జట్టు పద్ధతి నడిచిన షెడ్డులు మళ్ళీ చూశాడు. 1975లో అచ్చయిన ఆ వ్యాసాన్ని రైస్ పుస్తకంతో పోలిస్తే చదివినవాళ్ళు చాలా తక్కువ. ఒక షెడ్డులో జట్టు పద్ధతి దాదాపు మొదట్లో ఉన్నట్టే నడుస్తోంది. మిగతా చోట్ల అది పేరుకే మిగిలింది, లేదంటే అదీ లేదు. నేసే గుడ్డ రకాలు, మార్కెట్ ఒత్తిళ్ళు, సరఫరాల్లో ఒడుదొడుకులు పెరిగిన చోట సూపర్‌వైజర్లు మెల్లగా జట్టు లోపలి పనిలో చేయి పెట్టారు, జట్టుకూ బయటికీ మధ్యనున్న గీత చెరిగిపోయింది. నవకల్పనల పుట్టినరోజులు అందరూ రాస్తారు, పోయిన తేదీ రాసేవాళ్ళు అరుదు. మిల్లర్ ఆ అరుదైన పని చేశాడు.

నాకు ముఖ్యంగా కనబడేది ఇది: 1953లో జట్టుకు పని అప్పజెప్పారు. మగ్గాలు అప్పజెప్పారు. ఆ ఏర్పాటును మార్చకుండా ఆపే హక్కు మాత్రం అప్పజెప్పలేదు. పైవాళ్ళ మంచితనం మీద, మార్కెట్ నిలకడ మీద ఆధారపడి అది నిలబడింది. అవి లేని చోట కూలింది. స్వీడన్‌లో వోల్వో కంపెనీ 1974లో కాల్మార్‌లో, 1989లో ఉద్దెవల్లాలో ఇంకా పెద్దఎత్తున ఇదే పని చేసింది. అసెంబ్లీ లైను తీసేసి చిన్న జట్లు కార్లు కట్టాయి, ఉద్దెవల్లాలో అయితే ఒక్కో జట్టు పూర్తి కారు కట్టేది. అమ్మకాలు పడిపోగానే 1993లో ఉద్దెవల్లా, మరుసటి ఏడు కాల్మార్ మూతపడ్డాయి. జట్లు విఫలమయ్యాయా, లేక యాజమాన్యానికి పాత పెద్ద ఫ్యాక్టరీలే ముఖ్యమయ్యాయా అన్నదాని మీద పండితులు అప్పుడే రెండుగా చీలి వాదించుకున్నారు. మూయాలా వద్దా అన్నది మాత్రం ఏ జట్టునూ అడగలేదు.

అహ్మదాబాద్ తర్వాత పదకొండేళ్ళకు మన తెలుగునేల మీద జరిగిన పరిశోధన ఒకటుంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1964లో కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని స్మాల్ ఇండస్ట్రీ ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు రప్పించి శిక్షణ ఇప్పించాడు. సాధించాలన్న తపన మనిషిలో పెంచవచ్చని, అది పెరిగితే ఊరి ఆర్థికమే కదులుతుందని ఆయన సిద్ధాంతం. బొమ్మలు చూపించి కథలు రాయించారు, రింగులు విసిరే ఆటలాడించారు, ఎంత దూరం నుంచి విసురుతావో నువ్వే నిర్ణయించుకో అన్నారు. రాజమండ్రిని పోలిక కోసం పక్కన పెట్టుకున్నారు. శిక్షణ పొందినవాళ్ళు ఆ తర్వాత ఎక్కువ పెట్టుబడి పెట్టారని, ఎక్కువమందికి పని ఇచ్చారని 1969లో మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ ప్రకటించారు. నేటికీ ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణా శిబిరాల వెనక ఆ కాకినాడ పాఠమే ఉంది.

నేను ఆ ఫలితాల్ని కొట్టిపారేయను. కానీ శిక్షణకు వెళ్ళినవాళ్ళలో చాలామందికి అప్పటికే వ్యాపారమో పరపతో ఉంది. డెల్టాలో కాలవలు పారి, వరి పండి, మిగులు చేతికొచ్చి, ఆ మిగులు రైస్‌మిల్లుగా సినిమాహాలుగా మారడం వెనక ఏయే కులాలకు భూమి ఉందన్నది ఒక పెద్ద కథ. కోస్తా రైతు పెట్టుబడిదారుల మీద కరోల్ ఉపాధ్య 1988లో రాసిన వ్యాసం ఆ కథ చెబుతుంది. రింగు ఎంత దూరం నుంచి విసరాలో నిర్ణయించుకునే ధైర్యం ముఖ్యమే. రింగు చేతిలో ఉన్నవాడికి.

ఇలాంటి ప్రశ్నలకు బిజినెస్ స్కూళ్ళలోనే ఒక చిరునామా ఏర్పడింది. దానికి ముందు ఇద్దరున్నారు. రాగిపని చేసి బతికిన హ్యారీ బ్రేవర్‌మన్, పనిలోంచి ఆలోచనను విడదీసి పైవాళ్ళకు అప్పజెప్పడమే శాస్త్రీయ నిర్వహణ పేరుతో టేలర్ సాధించిందని 1974లో రాశాడు. మైకేల్ బురవాయ్ షికాగో దగ్గరి యంత్రాల ఫ్యాక్టరీలో తానే పనికి కుదిరి, తిట్టకుండా కొట్టకుండానే పనివాళ్ళు అంత కష్టపడేలా చేస్తున్నదేమిటని 1979లో అడిగాడు. 1992లో ఆల్వెసన్, విల్మాట్‌ల సంపుటితో ఈ ధోరణికి క్రిటికల్ మేనేజ్‌మెంట్ స్టడీస్ అని పేరు స్థిరపడింది, 1999లో మాంచెస్టర్‌లో మొదటి మహాసభ. ఆ మరుసటేడు ఫోర్నియే, గ్రే దాని లక్షణాలు మూడు చెప్పారు. సంస్థల్లో ఇది ఇలాగే ఉంటుందన్నదాన్ని నమ్మకపోవడం మొదటిది. దిగుబడి పెంచడం కోసమే జ్ఞానం అన్న షరతును ఒప్పుకోకపోవడం రెండోది. పరిశోధకుడు తానెక్కడ నిలబడి చూస్తున్నాడో చెప్పుకోవడం మూడోది.

నాకు వాళ్ళమీదా ఫిర్యాదు ఉంది. వాళ్ళు రాసేది మాస్టారి పనివాడు చదవగలిగే భాషలో ఉండదు. విమర్శ కూడా పదోన్నతికి పనికొచ్చే వ్యాసంగా మారిపోయింది. 2009లో స్పైసర్ ప్రభృతులు, వద్దనడం ఒక్కటే చాలదు, ఏది కావాలో కూడా చెప్పండి అని తమవాళ్ళనే హెచ్చరించారు. ఆలస్యంగా అయినా మంచి మాట.

అయినా ఆ ధోరణి నుంచి వచ్చిన ఒక పరిశోధన లేకపోతే నా వాదం నిలవదు. జేమ్స్ బార్కర్ 1993లో ఒక అమెరికన్ ఫ్యాక్టరీ గురించి రాశాడు. అక్కడ సూపర్‌వైజర్లను తీసేసి జట్లకే పెత్తనం ఇచ్చారు. మొదట్లో అందరూ సంబరపడ్డారు. మెల్లగా జట్లు తమకు తామే నియమాలు పెట్టుకున్నాయి. రావడం ఆలస్యమైతే ఇన్ని తప్పులు, ఇన్ని తప్పులైతే ఈ శిక్ష. కొత్తగా చేరినవాళ్ళకు ఆ నియమాలు ఫ్యాక్టరీ చట్టం కన్నా కఠినంగా కనిపించాయి. మునుపు ఒక్క సూపర్‌వైజర్ కళ్ళు తప్పిస్తే సరిపోయేది, ఇప్పుడు జట్టంతా కాపలా. మాక్స్ వెబర్ చెప్పిన నియమాల ఇనుప పంజరం ఇంకా బిగిసిందని బార్కర్ తేల్చాడు. హైదరాబాద్‌లో రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్‌లో నిలబడి నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేస్తానో అప్పజెప్పే పిల్లలకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

జట్టు అన్న ఒకే రూపం ఇన్ని పనులకు ఎలా వాడొచ్చో చూడాలంటే మన ఊళ్ళే పెద్ద ప్రయోగశాల. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారాకొట్లు మూయించారు. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు వేళ్ళూనుకున్నాయి, ఆ తర్వాత డ్వాక్రా గ్రూపుల రూపంలో రాష్ట్రమంతా అల్లుకున్నాయి. పదిమందీ నెలనెలా సొంత డబ్బు వేసుకుంటారు. ఎవరికి అప్పు ఇవ్వాలో కూర్చుని మాట్లాడుకుంటారు. బిడ్డకు జ్వరమొచ్చి ఒకామె కట్టలేకపోతే ఆ నెల ఆగుతారు. ఆగే హక్కు వాళ్ళది.

తర్వాత సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. అవీ గ్రూపులే కట్టాయి. బయటినుంచి చూస్తే తేడా తెలియదు, చాలా ఊళ్ళలో మనుషులూ వాళ్ళే. కానీ సొమ్ము కంపెనీది, వడ్డీ కంపెనీది, వారం కిస్తీ తేదీ కంపెనీది. గ్రూపుకు దక్కింది ఉమ్మడి బాధ్యత ఒక్కటే. ఒకామె కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి, లేదా ఆమె గుమ్మంలో కూర్చోవాలి. వసూలు ఖర్చును కంపెనీ ఇరుగుపొరుగు సిగ్గులోకి మార్చుకుంది. నిర్వహణ కోణంలో ఇది నిస్సందేహంగా గొప్ప నవకల్పన, దాని మీద ప్రపంచమంతా పాఠాలు చెప్పుకుంది. ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం కిస్తీలు ఆపి నెలసరి చేసింది, వసూళ్ళు ఇళ్ళ దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోట్లే జరగాలంది. పైవాళ్ళను ఆపే ఏ పగ్గం అహ్మదాబాద్ జట్టుకు లేదో ఈ గ్రూపులకూ అదే లేదు. అక్కడ అది లేకపోతే పద్ధతి పోయింది, ఇక్కడ మనుషులు పోయారు.

పొదుపు సంఘాల్ని నెత్తిన పెట్టుకోవడం కూడా నా ఉద్దేశం కాదు. బ్యాంకు లింకేజీ లక్ష్యాలు, సభలకు జనాన్ని తరలించమని వచ్చే ఫోన్లు, హాజరు వేయకపోతే పేరు కొట్టేస్తామనే బెదిరింపులు వాటినీ చాలా చోట్ల పైవాళ్ళ జట్లుగా మార్చాయి. లీడరు ఎవరు, పుస్తకం రాసే చదువు ఎవరికుంది అన్నవాటి వెనక మళ్ళీ అహ్మదాబాద్ షెడ్డులో అడగని ప్రశ్నే ఉంది.

మన శాఖల్లో ఏటా సిద్ధాంతవ్యాసాలు వస్తాయి. అయిదు గళ్ళ ప్రశ్నావళి ఇచ్చి, "సభ్యురాలిగా మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?" అని అడిగి, శాతాలు తీసి, స్వయంసహాయక సంఘాలు సాధికారతకు తోడ్పడుతున్నాయని ముగిస్తారు. వాటిని నేనూ పరీక్షకుడిగా ఆమోదించాను, కాబట్టి పిల్లల్ని అనడానికి లేదు. మాస్టారి స్మారక నిధి కింద ఏటా ఒక విద్యార్థికి ఫెలోషిప్ ఇస్తారని విన్నాను. ఆ డబ్బుతో ఒకరు ఒక మండలంలోని సంఘాల మినిట్స్ పుస్తకాలు తీసి చదవాలని నా కోరిక. ఎంత అప్పు ఇచ్చారో అందరూ లెక్కగట్టారు. ఎన్నిసార్లు "వద్దు" అని తీర్మానం రాసుకున్నారో, ఫలానా అప్పు మాకు వద్దు, ఫలానా సభకు రాము, ఈ నెల కిస్తీ కట్టం అని ఎవరు ప్రతిపాదించారో, ఆ తీర్మానం తర్వాత బ్యాంకు మేనేజరు, సంఘాల్ని చూసే ఏపీఎం ఏం చేశారో ఆ ఒక్కటీ వెతకాలి. పుస్తకంలో అలాంటి తీర్మానం ఒక్కటీ దొరకకపోతే, అదీ ఫలితమే, అలాగే రాయాలి.